పెయింట్ గన్‌కు బిగించిన ట్రాకర్‌ను ఎంతవరకు నమ్మవచ్చు? పీణ్య శిక్షణ గదిలో ఎనిమిది నెలల అనుభవం

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో మేము నడుపుతున్న చిన్న శిక్షణ కేంద్రంలో లోహపు వస్తువులకు స్ప్రే పెయింట్ కొట్టే పని నేర్పుతాము. చేరేవాళ్ళలో సగానికి పైగా హిందూపురం, మడకశిర, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తెలుగు పిల్లలే. మొదటి రోజునుంచే వాళ్ళ చేతికి అసలు గన్ ఇస్తే పెయింటూ థిన్నరూ ఎంత వృథా అవుతాయో, ఆ ఆవిరి ఎంతగా ఊపిరితిత్తుల్లోకి పోతుందో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అందుకని మొదటి మూడు వారాలు పెయింటు లేకుండా సాధన చేయిస్తాము. తలకు కళ్ళముందు కృత్రిమ దృశ్యం చూపించే వీఆర్ హెడ్‌సెట్, చేతిలో నిజమైన గన్, ఆ గన్ వెనక ఒక ట్రాకర్. విద్యార్థి ట్రిగ్గర్ నొక్కి చెయ్యి కదిపితే ఎదురుగా కనిపించే ప్యానెల్ మీద రంగు పడుతుంది. ఈ సమీక్ష ఆ రంగు చూపించే సాఫ్ట్‌వేర్ గురించి కాదు. గన్ గదిలో ఎక్కడ ఉన్నది, ఎటు తిరిగి ఉన్నది అని క్షణక్షణం చెప్పే పరికరం గురించి. మేము వాడుతున్నది హెచ్‌టీసీ వారి వైవ్ ట్రాకర్ 3.0, దానితోపాటు రెండో తరం బేస్ స్టేషన్లు.

ముందుగా మా పని ఆ పరికరాన్ని ఏం అడుగుతుందో చెప్పాలి. గన్ ముక్కు ప్యానెల్‌కు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, ప్యానెల్‌కు లంబంగా ఉండాలి, ఒక గీత పక్కన వేసే రెండో గీత మొదటిదాని మీదికి సగం వరకు ఎక్కాలి. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఒక్కటే. భుజం నుంచి చేతిని మొత్తంగా జరపాల్సింది పోయి మణికట్టును తిప్పుతారు. అప్పుడు గన్ విల్లులా వంపు తిరుగుతుంది, మధ్యలో కోటు మందంగా పడి కారుతుంది, అంచుల్లో పలచబడుతుంది. ఇరవై ఏళ్ళు గన్ పట్టినవాడు ఈ తప్పును పది అడుగుల దూరంనుంచే పట్టేస్తాడు. అంతకంటే మొద్దుగా చూసే యంత్రం మాకు పనికిరాదు. పైగా యంత్రం పొరబడితే ఆ నింద పడేది విద్యార్థి మీద. చెయ్యి సరిగ్గా జరిపిన పిల్లవాడికి తెరమీద వంకర గీత చూపిస్తే వాడు ఆ వంకరను సరిదిద్దబోయి తన చేతిని చెడగొట్టుకుంటాడు. ఒకసారి చేతికి పట్టిన తప్పును వదిలించడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు కాబట్టే, ఈ విషయాన్ని ఇంత పట్టుదలతో పరీక్షించాను.

ఈ ట్రాకర్ పనిచేసే పద్ధతిని వాల్వ్ అనే అమెరికా వీడియో గేముల సంస్థ రూపొందించింది. అక్కడి ఇంజనీరు అలన్ యేట్స్ పేరు దీనితో ముడిపడి ఉంటుంది. 2016లో వచ్చిన మొదటి వైవ్ హెడ్‌సెట్‌తో ఇది జనంలోకి వచ్చింది. గది మూలల్లో పైన బిగించే బేస్ స్టేషన్లు ట్రాకర్‌ను చూస్తున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటికి కళ్ళు లేవు, అవి వెలుగు మాత్రమే చిమ్ముతాయి. కంటికి కనిపించని పరారుణ లేజరు కిరణాన్ని పలచని రేకులా గది అంతటా తిప్పుతాయి. చూసే పని ట్రాకర్ మీద అక్కడక్కడా పొదిగిన కాంతి సెన్సార్లది. మొదటి తరం స్టేషన్‌లో లేజరును తిప్పే చక్రాలు రెండు, ఒక్కొక్కటీ సెకనుకు 60 సార్లు తిరిగేది. తిరగడం మొదలైన క్షణాన గది అంతా ఒక్కసారి పరారుణ కాంతితో మెరిసేది. ఆ మెరుపు నుంచి, లేజరు రేకు తనను తాకేవరకు ఎంత సమయం పట్టిందో సెన్సారు లెక్కపెడుతుంది. చక్రం వేగం తెలుసు కాబట్టి ఆ సమయమే కోణం అవుతుంది. అడ్డంగా ఒక కోణం, నిలువుగా ఒక కోణం, ఇలా ఎన్నో సెన్సార్ల కోణాలు కలిస్తే వస్తువు ఎక్కడ ఉన్నదీ, ఎలా వాలి ఉన్నదీ తేలుతుంది. రెండో తరంలో చక్రం ఒక్కటే, దాని మీద ఏటవాలుగా రెండు కిరణాలు. మెరుపుతో పనిలేకుండా, ఏ స్టేషన్ నుంచి వచ్చిన కాంతో తెలిపే గుర్తు ఆ కిరణంలోనే ఇమిడి ఉంటుంది. అందుకే మొదటి తరం రెండు స్టేషన్లకే పరిమితమైతే, ఇందులో నాలుగు దాకా పెట్టుకోవచ్చు.

అంటే దూరాన్ని కొలిచే ఈ యంత్రం లోపల ఉన్నది గడియారమే. మా పక్కనే జాలహళ్ళి ఉంది. 1961లో సిటిజన్ సహకారంతో చేతి గడియారాలు మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ ఊరు ఇది. మా పీణ్యలోని పాత మెకానిక్కులకు సమయాన్ని కొలవడం అంటే ఎంత గౌరవమో నేను చూశాను, ఈ ట్రాకర్ సంగతి వాళ్ళకు ఒక్కసారి చెబితే చాలు అర్థమైపోయింది. మొదటి తరంలోలా సెకనుకు 60 చుట్లంటే సెకనుకు 21,600 డిగ్రీలు. సమయం లెక్కలో ఒక్క మైక్రోసెకను తేడా వస్తే కోణంలో 0.0216 డిగ్రీల తేడా వస్తుంది. స్టేషన్‌కు రెండు మీటర్ల దూరంలో అది ముప్పాతిక మిల్లీమీటరు. సెకనులో పది లక్షల వంతు పొరబడితేనే ఇంత తేడా. ఆ సమయాన్ని అంతకంటే సూక్ష్మంగా లెక్కపెట్టగలగడం వల్లనే ఈ పద్ధతికి ఇంత పేరు వచ్చింది.

అయితే లేజరు రేకు ఒకసారి తాకి మళ్ళీ తాకేలోపు చెయ్యి కదులుతూనే ఉంటుంది. ఆ సందును నింపేవి ట్రాకర్ లోపల తిరుగుడును కొలిచే జైరోస్కోపు, వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటరు. ఇవి మహా చురుకైనవి, కానీ వీటిని ఎక్కువసేపు నమ్మకూడదు. ట్రాకర్ ఎంత వాలి ఉన్నదన్న అంచనాలో ఒక్క డిగ్రీ తప్పు ఉన్నదనుకుందాం. భూమ్యాకర్షణలో కొంత భాగం కదలికగా లెక్కలోకి వచ్చేస్తుంది. ఆ తప్పుడు త్వరణం వల్ల లెక్కలోని వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 17 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. సెకనులో పదోవంతు గడిస్తే తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అరసెకను గడిస్తే రెండు సెంటీమీటర్లు దాటుతుంది, పూర్తి సెకనుకు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు అవుతుంది. కాలం రెట్టింపైతే తప్పు నాలుగింతలవుతుంది. కాబట్టి ట్రాకర్‌కు వెలుగు అందకుండా మన ఒళ్ళే అడ్డం వచ్చిన అరసెకను చాలు, గన్ ముక్కు తెరమీద రెండు సెంటీమీటర్లు జరిగిపోవడానికి. చేతిలో పట్టుకునే ఏ పరికరం విషయంలోనైనా ‘ఎంత ఖచ్చితం’ అని అడిగేకంటే ముందు ‘ఎంతసేపు అడ్డు పడుతుంది’ అని అడగాలని నా అభిప్రాయం.

దీన్ని ఎంచుకోవడానికి ముందు మిగతా పద్ధతులనూ ఆలోచించాము. అయస్కాంత క్షేత్రంతో పనిచేసే ట్రాకర్లు చాలా పాతవి. పోల్హెమస్ సంస్థ వాటికి ప్రసిద్ధి, ఇళ్ళలోకి 2011లో రేజర్ హైడ్రా రూపంలోనూ వచ్చాయి. వాటికి శరీరం అడ్డం వచ్చినా ఫరవాలేదు, అది గొప్ప సుగుణం. కానీ చుట్టుపక్కల ఇనుము ఉంటే క్షేత్రం వంగిపోతుంది. పీణ్యలో ఇనుము లేని గది దొరకడం కలలో మాట. ఇక హెడ్‌సెట్ మీది కెమెరాలే చేతి కంట్రోలర్లను చూసే పద్ధతి ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉంది. గోడలకు ఏమీ బిగించనక్కర్లేదు, పెట్టె విప్పిన పది నిమిషాల్లో పని మొదలవుతుంది. ఆటలకు అదే మేలు. మా పనిలో మాత్రం కుర్రవాడు ప్యానెల్ పై అంచును చూస్తూ కింది అంచు దగ్గర గన్ తిప్పుతుంటాడు, ఒక్కోసారి మోచేయి గన్‌ను కప్పేస్తుంది. కెమెరా చూపు దాటిన ప్రతిసారీ లెక్కంతా పైన చెప్పిన యాక్సిలరోమీటరు మీద పడుతుంది. 2022లో మెటా తెచ్చిన టచ్ ప్రో కంట్రోలర్లలాగా కంట్రోలర్‌లోనే కెమెరాలు పెట్టడం దీనికి చక్కని విరుగుడు. అయితే అది చేతిలో పట్టుకునే ఆకారంలో వస్తుంది, గన్‌కు బిగించేందుకు వీలుగా ఉండదు. వైవ్ ట్రాకర్ అడుగున మామూలు కెమెరా స్టాండుకు ఉండే పావు అంగుళం మర రంధ్రం ఉంటుంది. మా లేతు పనివాడు అరగంటలో గన్‌కు సరిపడే పట్టీ చేసి ఇచ్చాడు. బరువు 75 గ్రాములే కాబట్టి గన్ తూకం పెద్దగా మారలేదు. మా తుది నిర్ణయానికి కారణం ఆ చిన్న మర రంధ్రమేనంటే అతిశయోక్తి కాదు.

ఇక మా గదిలో జరిగినది చెబుతాను. స్టేషన్లను బిగించే పని ఎస్.పి. రోడ్డులోని ఒక దుకాణానికి అప్పగించాము. వచ్చిన మనుషులు ఒక స్టేషన్‌ను గోడకు, రెండోదాన్ని ప్లైవుడ్ పార్టిషన్‌కు బిగించి, రెండింట్లోనూ పచ్చ దీపం వెలిగింది కాబట్టి పని పూర్తయిందని చెప్పి వెళ్ళిపోయారు. కదలని గోడకే బిగించాలని అడిగితే, పార్టిషన్ గట్టిగానే ఉందని వాదించారు. ఆ పార్టిషన్‌కు అవతలే మా కంప్రెసర్ ఉంది. వారం తిరక్కుండానే మడకశిర కుర్రవాడొకడి గీతలు వంకర పోవడం మొదలైంది. మణికట్టు తిప్పుతున్నావని నేనే రెండు మూడుసార్లు గట్టిగా అన్నాను. నాలుగోసారి వాడు హెడ్‌సెట్ తీసి, “చెయ్యి వంచలేదన్నా నేను. కావల్లంటే మీరే పట్టుకోని చూడండి” అన్నాడు. గన్ తీసుకుని బల్ల మీద కదలకుండా పెట్టాను. ఇంతలో ట్యాంకులో గాలి తగ్గి కంప్రెసర్ తిరగడం మొదలైంది, తెరమీది గన్ ముక్కు సన్నగా వణుకుతూ పక్కకు జరిగింది. వాడి చెయ్యి సరిగ్గానే ఉంది. ఆ సాయంత్రం వాడికి క్షమాపణ చెప్పాను. స్టేషన్ అయిదోవంతు డిగ్రీ వాలితే చాలు, నాలుగు మీటర్ల అవతల 14 మిల్లీమీటర్ల తేడా వస్తుందని లెక్కవేసి చూసింది ఆ తరవాతే. దుకాణం వాళ్ళు మళ్ళీ రాలేదు, రెండో స్టేషన్‌ను మేమే ఇటుక గోడలోకి ఎత్తుగా, రెండు మీటర్లకు పైన, కిందికి చూసేలా వాల్చి బిగించుకున్నాము.

ఆ సంఘటన తరవాత ఒక టేకు పలక చేయించాను, ఈ ఎనిమిది నెలల్లో మేము చేసిన మంచి పని ఇదేనని అనుకుంటున్నాను. మీటరుంపావు పొడవు, అరచేతి వెడల్పు ఉన్న ఆ పలక మీద సరిగ్గా మీటరు ఎడంలో రెండు చిన్న గుంటలు తొలిపించాము. గన్‌లో నాజిల్ తీసి అదే పొడవున్న మొనదేలిన ఇత్తడి పిన్ను బిగిస్తాము. పిన్ను మొనను మొదటి గుంటలో ఆనించి, మొన గుంట వదలకుండా గన్‌ను ముందుకూ వెనక్కూ పక్కలకూ నెమ్మదిగా తిప్పుతాము. అప్పుడు ట్రాకర్ గాలిలో ఒక గోళం ఉపరితలం మీద తిరుగుతుంది, ఆ గోళానికి కేంద్రం పిన్ను మొన. ట్రాకర్ నుంచి గన్ ముక్కు ఎంత దూరంలో ఏ దిక్కున ఉన్నదో సాఫ్ట్‌వేర్ దీన్నిబట్టే తెలుసుకుంటుంది. అదే పని మరో ఉపయోగం కూడా ఇస్తుంది. గన్‌ను ఎటు తిప్పినా ఆ కేంద్రం ఒక్కచోటే నిలవాలి. మా గదిలో మంచి రోజున అది రెండు మిల్లీమీటర్లలోపే కదులుతుంది. రెండో గుంటలో పెట్టి చూస్తే ఎడం మీటరుకు దగ్గరగా రావాలి. పలకను రసమట్టంతో సమంగా పెడతాము కాబట్టి రెండు గుంటల ఎత్తూ ఒకటే రావాలి. ఈ మూడు చూడడానికి అయిదు నిమిషాలు చాలు.

ఎత్తును ప్రత్యేకంగా చూడడానికి కారణం ఉంది. డీడరిక్ నీహార్స్టర్, లీ లీ, మార్కస్ లాపె అనే పరిశోధకులు 2017లో మొదటి వైవ్‌ను పరీక్షించి ‘ఐ-పర్సెప్షన్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. కొలతల్లో వణుకు చాలా తక్కువని వాళ్ళు గుర్తించారు. అదే సమయంలో ఆ కొలతలన్నీ నిజమైన నేలకు కాక కాస్త వాలిన తలానికి సంబంధించి వస్తున్నాయని, ట్రాకింగ్ పోయి తిరిగి వచ్చినప్పుడు ఆ వాలు మారవచ్చని చూపించారు. వాళ్ళు చూసినది పాత తరం, హెడ్‌సెట్. మేము వాడుతున్నది కొత్త తరం, ట్రాకర్. అయినా ఆ హెచ్చరికను నేను తేలిగ్గా తీసుకోలేదు. తలం ఒక డిగ్రీ వాలితే మీటరు పొడవున 17 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. నిలకడగా ఉండడం వేరు, నిజం చెప్పడం వేరు. తప్పును కూడా వణకకుండా చెప్పగల పరికరం ఇది, చూసేవాళ్ళు ఆ నిలకడకు మోసపోతారు.

మా వృత్తిలో స్థానం కంటే కోణమే ఎక్కువ బాధిస్తుందన్నది రెండో నెలలో గానీ నాకు అర్థం కాలేదు. ట్రాకర్ నుంచి గన్ ముక్కు 20 సెంటీమీటర్లు, అక్కడినుంచి ప్యానెల్ మరో 20. ట్రాకర్ కోణంలో ఒక డిగ్రీ తప్పితే ప్యానెల్ మీద రంగు ఏడు మిల్లీమీటర్లు పక్కన పడుతుంది. ఒక డిగ్రీ తప్పడానికి ట్రాకర్‌లో లోపమే ఉండనక్కర్లేదు, పట్టీ మర కాస్త వదులైతే చాలు. రోజంతా ట్రిగ్గర్ నొక్కే చేతుల్లో మరలు వదులవుతూనే ఉంటాయి. ట్రాకర్ అడుగున మరతోపాటు ఒక చిన్న గుంట కూడా ఉంటుంది, ట్రాకర్ తిరిగిపోకుండా ఆపే మేకు అందులో కూర్చుంటుంది. మొదటిసారి చేయించిన పట్టీలో ఆ మేకు పెట్టించలేదు, అది మా అజాగ్రత్తే. రెండో పట్టీలో పెట్టించాక ఆ బెడద తీరింది.

వెలుగుకు సంబంధించిన చిక్కులు ఊహించినవే. అద్దం, నున్నగా మెరుగుపెట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు లేజరును తిరగగొడతాయి. అప్పుడు సెన్సారుకు అసలు కిరణంతోపాటు దొంగ కిరణం కూడా తగులుతుంది. మా గదిలో మెరిసే స్టీలు తలుపులు ఒక పక్కగా ఆనించి ఉండేవి. వాటిని బయటికి తీసిన రోజునుంచి గన్ అప్పుడప్పుడూ గభాలున గెంతడం ఆగిపోయింది. పడమటి కిటికీ గుండా సాయంత్రపు ఎండ నేరుగా పడకుండా మందపాటి తెర వేశాము. కెమెరా పద్ధతికి గదిలో చక్కని వెలుతురు కావాలి, దీనికి చీకటి గదైనా ఫరవాలేదు. వేసవిలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఒక్క బల్బుతో నడిపినప్పుడు కూడా ఇది తడబడలేదు.

చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. ఒక్కో ట్రాకర్‌కు దాని సంకేతాన్ని అందుకుని కంప్యూటర్‌కు చేర్చే యూఎస్‌బీ డాంగిల్ ఒక్కోటి కావాలి. దాన్ని కంప్యూటర్ వెనక రేకు డబ్బాకు ఆనించి గుచ్చితే సంకేతం దెబ్బతింటుంది, అందుకే తీగతో పైకి తెచ్చి బల్ల మీద పెట్టాలి. పక్కనే వైఫై రౌటరు ఉండకూడదు. బ్యాటరీ మా ఉదయపు బ్యాచ్ మొత్తానికి వస్తుంది, మధ్యాహ్నం భోజనాల వేళ చార్జింగ్‌కు పెడతాము. స్టేషన్లు రెండూ ఒకే ఛానెల్ మీద ఉంటే ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. స్టేషన్ వెనక ఉన్న సన్నని బొత్తాన్ని పిన్నుతో నొక్కి ఛానెల్ మార్చాలన్నది మాకు ఎవరూ చెప్పలేదు, వెతికి తెలుసుకున్నాము.

ఇది ఎవరికి తగినదంటే, చేతి పని నేర్పేవాళ్ళకు, ఆ చేతి కదలికను కొలిచి దాన్నిబట్టి మనిషికి ‘ఇది తప్పు, ఇది ఒప్పు’ అని చెప్పవలసినవాళ్ళకు నేను గట్టిగా సిఫారసు చేస్తాను. సొంత గది ఉండాలి, గోడలు గట్టివై ఉండాలి, రోజూ అయిదు నిమిషాలు పరీక్షకు పెట్టే ఓపిక ఉండాలి. అద్దె ఇంట్లో వారాంతపు ఆటల కోసమైతే ఇంత తతంగం అనవసరం, కెమెరా హెడ్‌సెట్ సుఖం. ఒక మిల్లీమీటరుకు లోపల ఖచ్చితత్వం కావాల్సిన కొలతల పనికి మాత్రం దీన్ని తీసుకోవద్దు. అది దీని పని కాదు.

ఇప్పుడు మూడో స్టేషన్ తెప్పిస్తున్నాము. పొడుగు కుర్రవాళ్ళు ప్యానెల్ కింది భాగానికి వంగినప్పుడు వీపు ఒక స్టేషన్‌నూ, ప్యానెల్ స్టాండు రెండోదాన్నీ కప్పేస్తున్నాయి. ఉత్తరపు గోడలో దానికి రంధ్రాలు వేయడం అయిపోయింది. ఉదయం గది తలుపు తీయగానే టేకు పలకను బల్ల మీదికి దించి, రసమట్టం చూసి, మూడు అంకెలూ గోడమీది పుస్తకంలో రాసే పని ఆ మడకశిర కుర్రవాడే చేస్తున్నాడు. అంకెలు తప్పిన రోజున తన బ్యాచ్‌లో ఎవరి గీతకూ మార్కులు వేయనివ్వడు.